మొసలిని బ్రతికించిన పెంపకము

గజేంద్రమోక్షము కథ వినని తెలుగువాడు ఉండడు. ఆ కథలో ఆపద ఏనుగుది, మొసలి పగవాడు. ఇరువదవ శతాబ్దము వచ్చేసరికి కథ తారుమారైనది. మొసలియే ఆపదలో చిక్కినది. దానిని పట్టినవాడు మనిషి. ఈసారి విడిపించుటకు చక్రాయుధము రాలేదు. ఇసుక, గ్రుడ్లు, ఉష్ణమాపకము, ఒక పెన్సిలు - ఇవే ఆయుధములైనవి. ఈ ప్రయత్నములో మన హైదరాబాదునకు, మంజీరకు, గోదావరికి చెప్పుకోదగిన పాలు ఉన్నది.

మా మల్యాల నుండి జగిత్యాల మీదుగా ధర్మపురికి పోయి గోదావరిలో మునిగి వచ్చేవారు ఎందరో ఉన్నారు. ఆ గోదావరియే ఇంకా దిగువకు సాగి, మంథని సమీపమున శివారం వద్ద లోతైన మడుగు కట్టుతుంది. దానిని ఎల్. మడుగు అంటారు. అక్కడి బండల మీద ఎండ కాచుకొనే మొసళ్ళ రక్షణ కొరకే 1978లో శివారం అభయారణ్యమును ఏర్పరచినారు. క్రూరజంతువునకు అభయమెందుకని అడుగువారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలెనంటే కొంత వెనుకకు పోవాలి.

క్షీణించిన తీరు

మన దేశములో మొసళ్ళు మూడు జాతులు: పొడుగు మూతి గల ఘరియల్, సముద్రతీరపు ఉప్పునీటి మొసలి, మన చెరువులలో, నదులలో ఉండే మంచినీటి మొసలి. ఈ మూడవదానినే మగ్గర్ అని కూడ అంటారు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు క్రోకొడైలస్ పాలుస్ట్రిస్. చేపలు, కప్పలు, పక్షులు, నీట తేలివచ్చు కళేబరములు దీని ఆహారము.

మొసలి చర్మముతో చేసిన సంచులకు, చెప్పులకు, నడికట్లకు విదేశములలో మంచి గిరాకి ఉండేది. తుపాకి, దీపము చేతబట్టి రాత్రివేళ వేటాడుట సులభము. వెలుగు పడగానే మొసలి కన్నులు నిప్పుకణికలవలె మెరిసి, అది ఉన్న చోటును తెలుపుతవి. ఇది చాలక గ్రుడ్లను త్రవ్వి తినుట, చేపల వలలలో చిక్కి చచ్చుట, ఆనకట్టల వలన ఇసుక దిబ్బలు మునుగుట - ఇన్నియు కలిసినవి. 1970 నాటికి మూడు జాతులూ కొడిగట్టిన దీపములైనవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటను నిషేధించినది. కాని ఉన్నవే కొద్ది. వాటిని తాకకుండ వదలినంత మాత్రమున సంఖ్య త్వరగా పెరుగదు.

గ్రుడ్డు నుండి నాలుగడుగుల వరకు

1974లో భారత ప్రభుత్వము కోరగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున హెచ్. ఆర్. బస్టర్డు అను శాస్త్రజ్ఞుడు వచ్చి మన నదులను పరిశీలించినాడు. 1975లో మొసళ్ళ సంరక్షణ పథకము ఒడిశాలోని మహానది తీరమున టికర్‌పడా వద్ద ఘరియల్‌తో ప్రారంభమై, ఇతర రాష్ట్రములకు ప్రాకినది.

పథకములోని సూత్రము సరళమైనది. మంచినీటి మొసలి ఒడ్డున గొయ్యి త్రవ్వి ఒక విడతకు ఇరువది ముప్పది గ్రుడ్లు పెట్టుతుంది. అవి సుమారు రెండు నెలలకు పొదుగబడుతవి. కాని ఉడుములు, నక్కలు, అడవిపందులు గ్రుడ్లను, కొంగలు, పెద్ద చేపలు పిల్లలను కాజేయగా, పెద్దవై నిలిచేవి వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే. ఈ అపాయకరమైన బాల్యమును మనము కాచి దాటించగలిగితే చాలును. గ్రుడ్లను సేకరించి, లేదా బంధనములోనే పెట్టించి, పిల్లలను పెంచి, అవి సుమారు నాలుగడుగుల పొడవు పెరిగిన పిదప నదిలో విడువవలెను. అప్పటికి వాటిని మ్రింగగల జంతువు ఉండదు.

సూత్రము సరళమైనను పని సున్నితమైనది. కోడి తన గ్రుడ్లను మాటిమాటికి త్రిప్పుతుంది. మొసలి గ్రుడ్డును త్రిప్పితే లోని పిండము చనిపోవచ్చును. గ్రుడ్డు పెట్టిన కొలది గంటలలోనే పిండము పెంకు పైభాగమునకు అంటుకొనుటయే దీనికి కారణము. అందుచేత గ్రుడ్డు పైభాగమున పెన్సిలుతో గీత గీసి, ఆ గీత ఎల్లప్పుడు పైకే ఉండునట్లు మోసేవారు.

మరొక వింత ఉన్నది. మొసలి ఆడదో మగదో నిర్ణయించునది తల్లిదండ్రుల క్రోమోసోములు కావు, గూటి వేడిమి. మద్రాసు మొసళ్ళ బ్యాంకులో జరిగిన పరిశోధనల ఫలితములు 1989లో ప్రకటితమైనవి. 31 డిగ్రీల సెంటీగ్రేడు, అంతకు దిగువ వేడిమిలో అన్నీ ఆడపిల్లలే, 32.5 డిగ్రీల వద్ద అన్నీ మగవే. ఒకటిన్నర డిగ్రీ తేడాతో ఒక తరము స్వరూపమే మారిపోతుంది!

హైదరాబాదు, మంజీర

హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో తెరువబడినది. 1970ల ద్వితీయార్ధములో అక్కడ మంచినీటి మొసళ్ళ పెంపకము చేపట్టినారు. మొసళ్ళ పెంపకమును నేర్పు కేంద్ర శిక్షణ సంస్థను కూడ ఈ నగరములోనే నెలకొల్పినారు. వివిధ రాష్ట్రముల అటవీ ఉద్యోగులు వచ్చి ఇక్కడ ఈ విద్య నేర్చుకొన్నారు. సంగారెడ్డి వద్ద, నగరమునకు త్రాగునీరిచ్చు మంజీర జలాశయమును 1978లో అభయారణ్యముగ ప్రకటించి, అందులో పెంచిన మొసళ్ళను విడిచినారు. అవి అక్కడి దీవులలో స్థిరపడి, తామే గూళ్ళు త్రవ్వుకొని పిల్లలను కన్నవి. నేటికీ మంజీర మొసళ్ళకు పేరుపొందినది. పెంపకము ఫలించినదనుటకు గుర్తు ఇదే: విడిచిన జంతువు బ్రతుకుట మాత్రమే కాదు, మన సాయము లేకుండ సంతానము పొందుట.

మిక్కిలి ఫలించుటయు చిక్కే

అయితే కథ ఇక్కడ ముగియలేదు. బంధనములో మొసళ్ళు అనుకొన్నదానికంటె వేగముగ వృద్ధి పొందినవి. మద్రాసులో కొన్ని ఆడ మొసళ్ళు ఏటికి రెండు విడతలు గ్రుడ్లు పెట్టినవి. తొట్లు నిండినవి, విడుచుటకు నదులు చాలలేదు. ఎక్కువైన వాటి చర్మమును వ్యాపారమునకు వినియోగించవచ్చునను ఆలోచన తొలి ప్రణాళికలో ఉన్నది గాని, చట్టము అంగీకరించలేదు. 1990ల మధ్యనాటికి పెంచి విడుచు కార్యక్రమము దాదాపు నిలిచిపోయినది. కొదువ మొసళ్ళకు కాదు, చోటుకు అని అప్పుడు తేటతెల్లమైనది. ఇసుక తోడివేసిన ఒడ్డున మొసలి గూడు ఎక్కడ త్రవ్వుతుంది? చేపలు లేని మడుగులో ఏమి తింటుంది? పైగా అది సంచరించే రేవులోనే మన ఆడవారు బట్టలుతుకుతారు, పశువులు నీరు త్రాగుతవి. వారి భయమును తేలికగ త్రోసివేయరాదు.

ఈ పాఠము తరువాతి వారికి ఉపకరించినది. సుమారు మూడు కిలోల బరువు మాత్రమే ఉండే మూషిక జింకను హైదరాబాదులోని సి.సి.యం.బి. వారి లాకోన్సు ప్రయోగశాల, నెహ్రూ జంతుశాల కలిసి 2010 నుండి పెంచినవి. ఆరింటితో మొదలైన మంద కొలది ఏండ్లలో రెండు వందలు దాటినది. 2017లో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాదు అడవికి తీసికొనిపోయినారు. ఒక్కసారిగ విడువక, ముందుగ కంచె వేసిన అడవి భాగములో ఉంచి అలవాటు చేసినారు. చోటును సిద్ధము చేసిన తరువాతనే జంతువును పంపుట - ఇదే మొసలి నేర్పిన క్రమము.

విద్యార్థులు శివారమునకో మంజీరకో పోయినపుడు, బండ మీద కదలక పడియున్న ఆ మొసలిని మాత్రమే చూచి రారాదు. దాని వెనుక ఉన్న ఇసుక ఒడ్డును, నీటిని, చేపను, రేవులోని మనిషిని కూడ చూడవలెను. గ్రుడ్డును పెట్టెలో పొదిగించవచ్చును. నదిని పెట్టెలో పొదిగించలేము.