కిరణం తగలడం వేరు, ధూళి అంటడం వేరు

అణు కిరణాల మాట వింటేనే చాలామందికి బెదురు. అయితే కిరణం తగలడం వేరు, కిరణాలు విడిచే పదార్థం అంటుకోవడం వేరు. ఈ తేడా చరిత్రే చెబుతుంది.

1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ అణు రియాక్టరులో మంటలు లేచాయి. అయొడిన్-131 గాలిలో కొట్టుకొచ్చి పచ్చికమీద వాలింది. ఆవులు ఆ గడ్డి మేశాయి. విషం పాలలోకి దిగింది. సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించారు. ఈ అయొడిన్ 8 రోజులకొకసారి సగమౌతుంది. అందుచేత కొన్ని వారాలకు గండం గడిచింది. ఇది కాలుష్యం. పదార్థమే పాలలో చేరిందన్నమాట.

ఇక 2002లో మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో మొదలైన కేంద్రం సంగతి చూడండి. అక్కడ మొలక రాకుండా ఉల్లిగడ్డలకు కోబాల్టు-60 గామా కిరణాలు తగిలించారు. కోబాల్టు గొట్టాలలో మూసి ఉంటుంది, ఉల్లికి అంటదు. ఆ కిరణాలు మనిషికి చెరుపే. అందుకే మందపాటి గోడలు. ఉల్లిలో మాత్రం కిరణం నిలవదు. కళ్లంలో ఆరిన మిరప ఎండను మూటగట్టుకుని ఇంటికి రాదు గదా!

కాబట్టి ఎవరైనా భయపెడితే ముందు ఇది అడగండి: కిరణం తగిలిందా, పదార్థం అంటిందా? అంటితే మాత్రం పరీక్ష కానిదే పాలూ వద్దు, మేతా వద్దు.