రంగమున పుట్టిన బిడ్డ ఏ దేశపు బిడ్డ?

గంజాము సీమలో పాతతరమువారు రంగూనును "రంగము" అనెడివారు. "వాడు రంగము పోయినాడు" అనిన, గోపాలపూరు రేవున ఓడ యెక్కి కూలికో కొలువుకో బర్మా పోయినాడని అర్థము. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని భారతీయులు పదిలక్షలకు మించిరి. రంగూను నగర జనములో సగమునకు పైగా భారతీయులే. తెలుగువారిని అచ్చట, కోరంగి రేవు పేరున, కోరంగీలని పిలిచెడివారు. పోయినవారిలో మగవారే యెక్కువ. కొందరు బర్మా స్త్రీలను పెండ్లాడి అచ్చటనే కాపురములు నిలుపుకొనిరి. ఆ బిడ్డలు ఏ దేశపు పౌరులన్న ప్రశ్న ఆనాడు పుట్టలేదు. ఏలయన ఇరుదేశములును ఒక్క దొరతనము క్రిందనే యుండెను.

పిమ్మట ఏడాది వ్యవధిలో రెండు గీతలు గీయబడినవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా బరంపురము, ఛత్రపురము అందు చేరినవి. ఇచ్ఛాపురము మద్రాసు వైపున నిలిచినది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరైనది. మొదటి గీత మనలను అల్పసంఖ్యాకులను చేసినది గాని పరాయివారిని చేయలేదు. ఇచ్ఛాపురపు పిల్లను బరంపురమునకు కోడలిగా తెచ్చుకొన్నచో, ఆమె బిడ్డల పౌరసత్వమును గూర్చి అడుగువారు లేరు. రెండవ గీత అట్టిది కాదు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనంతనే అది పరదేశపు ఎల్ల అయినది.

మన రాజ్యాంగకర్తలు ఈ విషయమున విశాలహృదయులై యుండిరి. 1949 నవంబరు 26ననే అమలులోనికి వచ్చిన పౌరసత్వపు అధికరణములలో ఎనిమిదవది, విదేశమున నివసించు భారతసంతతివారికి ఒక దారి చూపినది. తానుగాని, తల్లిదండ్రులలో ఒకరుగాని, తాత అవ్వలలో ఒకరుగాని భారతదేశమున పుట్టియున్నచో, అచ్చటి మన రాయబార కార్యాలయమున నమోదు చేయించుకొని పౌరులు కావచ్చును. ఇందు తల్లికిని తండ్రికిని భేదము లేదు.

ఆ సమత 1955 పౌరసత్వ చట్టమున నిలువలేదు. విదేశమున పుట్టిన బిడ్డకు వంశముచే పౌరసత్వము కలుగవలెనన్న తండ్రి భారతపౌరుడై యుండవలెనని అందు విధించిరి. తల్లి మాట లేదు. దీని ఫలమెట్టిదో చూతము. భారతపౌరుడైన గంజాము తెలుగువాడు రంగూనులో బర్మా స్త్రీని పెండ్లాడెననుకొందము. 1952లో అచ్చట పుట్టిన వారి బిడ్డ తండ్రివలన మన పౌరుడు. బర్మా పౌరసత్వము పుచ్చుకొన్న మరియొక తెలుగువాడు గంజాము పిల్లను పెండ్లాడి తీసికొనిపోయెననుకొందము. ఆమె భారతపౌరురాలుగనే యున్నను, అచ్చట పుట్టిన ఆమె బిడ్డ మన చట్టము దృష్టిలో పరదేశి. తల్లియు తండ్రియు తెలుగువారే, ఇంటిలో పలుకు తెలుగే, అయినను ఫలమిది. పలుకును మాతృభాష యందుము, పౌరసత్వమును మాత్రము తండ్రి సొత్తు చేసితిమి.

1964 మార్చిలో బర్మా ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా, లక్షకు పైగా భారతీయులు ఆ పిమ్మటి యేండ్లలో ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్నములోని బర్మా క్యాంపు ఆ రాకకు నేటికిని గురుతు. అట్టి ప్రయాణమున తల్లి స్వదేశమునకు వచ్చినదగును. ఆమె చేయి పట్టుకొని దిగిన బిడ్డ విదేశమునకు వచ్చినవాడగును! భారతపౌరుల మైనరు పిల్లలను నమోదు చేయుటకు చట్టమున వీలుండెను గాని, అది అర్జీ పెట్టుకొని పొందవలసినదే. పుట్టుకతో వచ్చు హక్కు కాదు.

ఈ లోపమును సవరించుటకు 1992 వరకు పట్టినది. ఆ యేటి డిసెంబరు 10 మొదలు విదేశమున పుట్టిన బిడ్డకు, తల్లి భారతపౌరురాలైనను పౌరసత్వము చెల్లును. అంతకుముందు పుట్టినవారికి మాత్రము ఈ సవరణ వర్తింపదు.

నేడు మన పిల్లలు పోవుచున్నది రంగము కాదు. అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫు దేశములు. అన్యదేశీయులను పెండ్లాడువారును కలరు. వారికొక మాట చెప్పవలసియున్నది. 2004 డిసెంబరు 3 మొదలు విదేశమున పుట్టిన బిడ్డకు, ఏడాదిలోపల మన రాయబార కార్యాలయమున జననము నమోదు చేయించిననే వంశముచే పౌరసత్వము. గడువు మీరినచో కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. బిడ్డకు వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసి యీయవలెను. పుట్టుకతో మరియొక దేశపు పౌరసత్వమును కలిగియున్న బిడ్డ, యుక్తవయస్సు వచ్చిన ఆరు నెలలలో దానిని వదలుకొననిచో మన పౌరసత్వము పోవును. ఓ.సి.ఐ. కార్డు రాకపోకలకు మేలే గాని అది పౌరసత్వము కాదు. దానితో ఓటు రాదు.

మేము కాగితముల నడుమ జీవితము గడపినవారము. పుట్టిననాడు వ్రాయని ఒక్క పంక్తికై ముదిమిలో మనుష్యులు కచేరీల చుట్టు తిరుగుట కన్నులార చూచినవారము. కావున విదేశమున మనుమడు పుట్టెనన్న వార్త వచ్చిన యింట, నామకరణపు ముహూర్తముతోపాటు నమోదు గడువును కూడ పంచాంగమున గుర్తు పెట్టుకొనవలెనని మా మనవి.