గోల్డ్ కోస్ట్: గవర్నరు దిగిన మెట్లు

1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనా అయింది. ఆ అధికార బదిలీని బ్రిటిషువారి ఔదార్యానికి నిదర్శనంగా చూపే చరిత్రకారులకు కొదువ లేదు. గవర్నరు ఏ అధికారాన్ని ఎప్పుడు వదిలాడో వరుసగా చూస్తే నాకు ఆ మాట నిలవదనిపిస్తుంది.

1948 ఫిబ్రవరి 28న అక్రాలో మాజీ సైనికుల ఊరేగింపుపై కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. 1950 జనవరిలో సార్వత్రిక సమ్మె వచ్చింది. గవర్నరు ఆర్డెన్-క్లార్క్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు, ఎన్‌క్రుమా జైలుపాలయ్యాడు. 1951 ఎన్నికలలో ఆ ఖైదీ పార్టీయే ఎన్నికతో నింపే 38 స్థానాలలో 34 గెలిచింది. ఇక జైలు తలుపు తెరవక తప్పలేదు. దీన్ని దానమనడం ఎలాగో నాకు తెలియదు.

తరువాత పంపకం చూడండి. కార్యనిర్వాహక మండలిలో ఎనిమిదిమంది ఆఫ్రికన్లు. విద్య, ఆరోగ్యం, వ్యవసాయం వంటివి వారికి దక్కాయి. రక్షణ-విదేశ వ్యవహారాలు, ఆర్థికం, న్యాయం ముగ్గురు తెల్ల అధికారుల వద్దే ఉండిపోయాయి. 1952లో ఎన్‌క్రుమాకు ప్రధాని బిరుదు వచ్చింది. 1954లో మంత్రివర్గమంతా ఆఫ్రికన్లదే అయింది, ఖజానా కూడా చేతికందింది. సైన్యం మాత్రం గవర్నరుదే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1961 వరకు సేనకు అధిపతి బ్రిటిష్ జనరలే!

అయితే అసలు ప్రశ్న వేరు. చేతికందిన యంత్రాన్ని వారసుడు ఏం చేశాడు? కోకో రైతుకు తక్కువ ధర చెల్లించి, మిగులును లండన్‌లో నిలవచేసే మార్కెటింగ్ బోర్డును వలస ప్రభుత్వం 1947లో పెట్టింది. ఆ బోర్డు అలాగే కొనసాగింది. 1954లో ఆఫ్రికన్ ఆర్థికమంత్రే అరవై పౌన్ల బస్తాకు 72 షిల్లింగుల ధర బిగించాడు. పరిశ్రమలకు పెట్టుబడి కావాలన్న వాదం కొట్టిపారేయదగినది కాదు. కాని అశాంతి ప్రాంతపు రైతు తిరగబడ్డాడంటే అది ఒక్క భూస్వాముల కుట్ర అని సరిపెట్టుకోలేం.

చట్టాల కథ మరీ చేదు. మద్రాసులో 1937లో గద్దెనెక్కిన రాజాజీ మంత్రివర్గం, కాంగ్రెసు అంతవరకూ దుయ్యబట్టిన క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టాన్నే హిందీ వ్యతిరేక ఆందోళనకారులపై ప్రయోగించిన సంగతి మనకు తెలుసు. ఘనాలో 1958 నివారక నిర్బంధ చట్టం విచారణ లేకుండా ఐదేళ్లు జైలులో ఉంచే అధికారం ఇచ్చింది. 1948లో నాటి గవర్నరు ఎన్‌క్రుమాతో సహా నిర్బంధించిన ఆరుగురిలో జె.బి. డాంక్వా ఒకరు. ఎన్‌క్రుమా ప్రభుత్వం ఈ చట్టం కింద ఆయనను మళ్లీ నిర్బంధించింది. 1965 ఫిబ్రవరిలో ఆయన న్సావాం జైలులోనే మరణించారు.