లేక్ జెనీవా ఇసుకబల్ల మీది వింత జంతువులు

షికాగో దగ్గర ఆరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. అక్కణ్ణించి కారులో గంటన్నర ఉత్తరానికి పోతే విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా వస్తుంది. ఎండాకాలం పడవ షికారుకి మన వాళ్ళూ వెళ్ళే ఊరే. చెరువు చూసి తిరిగొచ్చేస్తారు. ఆ ఊరి అసలు కథ సెంటర్ స్ట్రీట్‌లోని ఒక ఇంటి నేలమాళిగలో నడిచింది.

ఆ ఇల్లు గ్యారీ గైగాక్స్‌ది. 1970లో ఆయనకి షికాగోలో ఉన్న బీమా కంపెనీ ఉద్యోగం పోయింది. బూట్లు బాగుచేస్తూ ఇల్లు గడిపాడు. పిచ్చి మాత్రం యుద్ధాల ఆట మీద. నేలమాళిగలో ఇసుక నింపిన పెద్ద బల్ల, దాని మీద బొమ్మల సైన్యాలు. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి ‘చెయిన్‌మెయిల్’ అనే నియమాల పుస్తకం తెచ్చాడు. మధ్యయుగపు యుద్ధాల ఆట అది. చివర్లో మాత్రం మాంత్రికులూ డ్రాగన్లూ దిగారు.

చిక్కు అక్కడే వచ్చింది. సైనికుల బొమ్మలు దొరుకుతాయి, డ్రాగన్ ఎక్కడ దొరుకుతుంది? గైగాక్స్ ఒక ప్లాస్టిక్ స్టెగోసారస్‌ని పట్టుకుని డ్రాగన్‌గా మార్చేశాడు.

ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఊళ్ళల్లో డైమ్ స్టోర్లు ఉండేవి. డైమ్ అంటే పది సెంట్ల నాణెం. మన తిరునాళ్ళ అంగడి లాంటి సరుకే, కాకపోతే ఏడాది పొడవునా. అక్కడ హాంకాంగ్ నుంచి వచ్చిన ప్లాస్టిక్ జంతువుల సంచులు అమ్మేవారు. పేరుకి ప్రాచీన జంతువులు. కొన్నిటిని చూస్తే ఏ యుగంలోనూ పుట్టి ఉండవనిపిస్తుంది! ఒకదానికి తోక చివర ఫ్యాన్ రెక్కల్లాంటివి ఉన్నాయి. గైగాక్స్ దానికి ఇనుము తినే గుణం అంటగట్టాడు: అది తాకితే కవచం తుప్పుపట్టి రాలిపోతుంది. ‘రస్ట్ మాన్‌స్టర్’ అలా పుట్టింది. గుడ్లగూబ మొహం, ఎలుగుబంటి ఒళ్ళు ఉన్న ‘ఔల్‌బేర్’ కూడా ఆ సంచీలోదే. వీపు మీద పెంకులున్న ఇంకో బొమ్మ 1976లో ‘ది డ్రాగన్’ పత్రిక మొదటి సంచికలో ‘బులెట్’గా అచ్చయింది. దాని గురించి రాసింది ఆ పత్రిక సంపాదకుడు టిమ్ కాస్క్. బొమ్మ ముందు, పురాణం తర్వాత!

సంక్రాంతి బొమ్మల కొలువులో రాములవారి పక్కన ఆయనకన్నా పెద్ద కోడిపుంజు నిలబడ్డా మనమేమీ అనుకోం. యుద్ధపు బల్ల మీద ఆ లెక్క చెల్లదు, కొలత కుదరాలి. అందుకే బొమ్మలు మార్చేవాళ్ళు పెద్దసైజు మనిషిబొమ్మని రాక్షసుణ్ణి చేస్తారు. చవక బొమ్మల్లో చాలావాటి ప్లాస్టిక్ మెత్తన, రంగూ జిగురూ ఓ పట్టాన పట్టవు. ముందు సబ్బునీళ్ళతో జిడ్డు వదలగొట్టాలి. వంకరపోయిన కాలిని వేడినీళ్ళలో ముంచి సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెట్టాలి. తల మార్చాలంటే జిగురొక్కటే చాలదు. మెడలో సన్న తీగ దింపి, అతుకు మీద పుట్టీ మెత్తి, ప్రైమర్ వేశాకే రంగు. ఈ ఓపిక లేనివాడు కొనుక్కోవడమే మేలు.

ఆ ఇసుకబల్ల ఆటల తర్వాత, 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే మరో ఆటల రూపకర్త కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు, ఒక్కోటి పది డాలర్లు. 1999లో ఆ ఆట హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ చేతికే చేరింది. రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్ ఇప్పటికీ దాని పుస్తకాల్లో ఉన్నాయి. వాటికి మొదటి రూపమిచ్చిన హాంకాంగ్ పనివాళ్ళ పేర్లు వాటిలో లేవు.