కనెక్షన్ తెంపే కమాండ్: 1981 నుంచి 2022 కోనసీమ దాకా

ఇవాళ ఒక చిన్న కమాండ్ చరిత్ర చెప్పుకుందాం. నడుస్తున్న నెట్ కనెక్షన్‌ని కమాండ్ లైన్‌లో టైప్ చేసి తెంపేసే కమాండ్. "నా చేతిలో ఉన్నది ఫోను, నాకెందుకు ఇదంతా" అనుకోకండి. దాని వెనకున్న పని అసలు ఫోన్ల కోసమే మొదలైంది.

ముందు మన కాలువల సంగతి. ఏటా ఎండాకాలం గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు కదా. మండపేట చుట్టుపక్కల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఫలానా తేదీకి కడుతున్నాం అని ముందే చెప్తారు. ఊళ్ళు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాయి. అదే ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి లాకులు దించేస్తే? మూసింది అదే కాలువ, కానీ ఊరి పరిస్థితి వేరు.

నెట్‌లోనూ ఇంతే. రెండు కంప్యూటర్లు తెగకుండా మాట్లాడుకునే పద్ధతి పేరు టీసీపీ. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో దీన్ని ప్రతిపాదించారు. 1981 సెప్టెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 793 అనే పత్రంలో దాని రూల్స్ స్థిరపడ్డాయి. కనెక్షన్ మూయడానికి అందులో రెండు దారులున్నాయి. ఒకటి ఫిన్. "నేను చెప్పాల్సింది అయిపోయింది" అని ఒకరు అంటారు, రెండో వాళ్ళు సరే అని, తమ మాట కూడా ముగించి సెలవు తీసుకుంటారు. రెండోది రీసెట్. "ఇక లేదు, ఆపేయ్" అని ఒక్క మాట. మర్యాద లేదు గానీ, కనీసం కబురైతే అందుతుంది.

రూల్ కాకుండా జరిగే మూడోది ఇంకొకటుంది. ఏమీ చెప్పకుండా మాయమైపోవడం. వైరు తెగినా, సిగ్నల్ పోయినా అవతలి వైపుకి తెలీదు. పంపిందే మళ్ళీ మళ్ళీ పంపుతూ లినక్స్ మామూలుగా 15 నిమిషాల పైనే ఎదురుచూస్తుంది. పంపాల్సింది ఏమీ లేకపోతే, "ఉన్నావా?" అని అడగమని ప్రోగ్రామ్ కోరినా, మామూలు లెక్కలో 2 గంటలు ఆగాకే అడుగుతుంది. మీ యాప్‌లో ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది చూడండి, చాలాసార్లు కథ ఇదే.

ఇక కమాండ్లు. 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో నెట్‌స్టాట్ వచ్చింది. ఎవరితో ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో చూపిస్తుంది, అంతే. తెంపాలంటే ఆ ప్రోగ్రామ్‌నే చంపాలి. ఒక్క కనెక్షన్ కోసం దాని కనెక్షన్లన్నీ పోయేవి. 2000 ప్రాంతంలో డగ్ సాంగ్ రాసిన డీస్నిఫ్ టూల్స్‌లో టీసీపీకిల్ ఉండేది. అది అవతలి వాళ్ళు పంపినట్టుగా దొంగ రీసెట్ పంపి కనెక్షన్ తెంపేది. కానీ డేటా కదులుతుంటేనే దానికి పట్టు దొరుకుతుంది. మూగగా ఉన్న కనెక్షన్‌ని ఏమీ చేయలేదు.

లినక్స్‌లో ఆ లోటు తీరింది 2016లో. గూగుల్ ఇంజనీర్ లోరెంజో కొలిట్టి చేసిన మార్పు లినక్స్ 4.5 వెర్షన్‌లో చేరింది. ఎందుకు చేశారంటే, ఫోను వైఫై వదిలి మొబైల్ డేటాకి మారినప్పుడు పాత కనెక్షన్లు చచ్చిపోయి కూడా బతికున్నట్టు వేలాడుతుంటాయి. ఆండ్రాయిడ్ వాటిని తెంపి, యాప్‌కి "పోయింది, కొత్తది పెట్టుకో" అని వెంటనే చెప్పాలి. అదే పనిని లినక్స్‌లో చేతితో చేసే కమాండ్ ఎస్ఎస్, పక్కన హైఫన్, పెద్ద అక్షరం కే. దీనికి రూట్ పర్మిషన్ కావాలి. తర్వాత ఏ అడ్రస్‌తో ఉన్నది తెంపాలో రాయాలి. అది రాయడం మర్చిపోతే దొరికినవన్నీ తెంపడానికి చూస్తుంది. జాగ్రత్త.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2022 మే 24. జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో గొడవలు జరిగి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. మండపేట నియోజకవర్గం అప్పుడు ఆ జిల్లాలోదే. రోజుల తరబడి నెట్ లేదు. ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం గోదావరి గట్టుకి చేరారని అప్పట్లో వార్తలొచ్చాయి.

పుకార్లు ఆపాలి, నిజమే. ఇళ్ళు తగలబడుతుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. కానీ అది అడ్రస్ రాయని కమాండ్. నిప్పు పెట్టినవాడి ఫోనూ, జీతం కోసం లాగిన్ అవ్వాల్సినవాడి ఫోనూ ఒకేసారి మూగబోయాయి.

దీనికీ రూల్స్ ఉన్నాయండోయ్. అప్పుడు అమల్లో ఉన్న 2017 టెలికాం నిబంధనల ప్రకారం రాష్ట్రంలో ఈ ఆర్డర్ హోం సెక్రటరీ ఇవ్వాల్సి ఉండేది, కమిటీ దాన్ని సమీక్షించాల్సి ఉండేది. 2020 జనవరి 10న కశ్మీర్ మీద అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో రెండు మాటలు చెప్పింది. గడువు లేకుండా ఆపడం కుదరదు. ఆర్డర్‌ని జనానికి కనిపించేలా ప్రచురించాలి. టీసీపీ భాషలో చెప్పాలంటే, మూస్తే మూయండి గానీ కబురు పంపండి అని.

ఒక్క కనెక్షన్‌ని పట్టుకుని తెంపి, తెంపామని చెప్పడం నేర్చుకోవడానికి లినక్స్‌కి 2016 దాకా పట్టింది. ఈసారి మీ ఊళ్ళో నెట్ ఆగితే ముందు ఆ ఆర్డర్ కాపీ కోసం వెతకండి. ఎవరు సంతకం పెట్టారు, ఏ కారణం రాశారు, ఎప్పటిదాకా అన్నారు, చూడండి. అది అడగడం మన హక్కు. ఉంటానండీ.