జిజియా పన్ను – గోలకొండ సీమ



శ్రీరామనవమి పందిళ్ళలో భక్త రామదాసు చరిత్రము చెప్పుకొనునప్పుడు, ఆయన జిజియా పన్ను కట్టనందుననే చెరసాల పాలైనాడని కొందరు తలంచుట కద్దు. అది సరి కాదు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. వసూలైన సర్కారు సొమ్మును భద్రాద్రి రాముని ఆలయమునకు వెచ్చించినాడన్నది ఆయనపై మోపిన నేరము. లెక్క అప్పగించని అధికారికి పడిన శిక్ష వేరు, హిందువైనందుకు పడు పన్ను వేరు. కుతుబ్‌షాహీల గోలకొండలో జిజియా వసూలు సాగలేదు. తానీషా కొలువున రాజ్యభారమును వహించినవారు అక్కన్న మాదన్నలే గదా!

మరి జిజియా యనగా నేమి? ముస్లిము ప్రభువు ఏలుబడిలో అన్యమతస్థుడు తన మతమున నిలిచియుండుటకు, రక్షణ పొందుటకు ఏటేటా చెల్లించు తలపన్ను. ముస్లిములు జకాతు చెల్లింతురనియు, సైన్యసేవకు బద్ధులనియు, ఆ భారము లేని ఇతరులకు ఇది విధించితిమనియు వారి శాస్త్రజ్ఞుల సమర్థనము. ధనికునకు 48, మధ్యమునకు 24, శ్రమజీవికి 12 దిర్హములని హనఫీ నిర్ణయము. స్త్రీ బాలురకు, అంధులకు, నిరుపేదలకు మినహాయింపు కలదు. అయినను మొగలుల నాటి పట్టణపు కూలివానికి ఆ 12 దిర్హములే ఇంచుమించు నెల కూలి. ధనికునకు నలుసైనది పేదకు కొండ యయ్యెను.

ఢిల్లీలో బ్రాహ్మణులకు పూర్వమీ పన్ను లేకుండెను. 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లకు వారిపైనను విధింపగా వారు రాజప్రాసాదము నెదుట నిరశనము పూనిరి. ఆ నగరమందలి ఇతర హిందువులు ముందుకు వచ్చి, "మీ భారము మేము మోయుదు"మని వారి ప్రాణములు కాపాడిరి. వేదము వల్లించు మాబోటివారు ఆ ఋణమును మరువరాదు.

అక్బరు 1564లో జిజియాను రద్దు చేసెను. 1679లో ఔరంగజేబు మరల విధించెను. మొరపెట్టుకొన ఢిల్లీ వీథులలో గుమికూడిన ప్రజలపైకి ఏనుగులను తోలించినట్లు నాటి పారసీక చరిత్రకారుడు ఖాఫీ ఖాను వ్రాసినాడు. 1687లో గోలకొండ మొగలుల వశమైన పిదప ఈ పన్ను మన తెలుగు సీమకును వచ్చెను. మన ప్రాంతమునకు చేరువనున్న ఎలగందుల అప్పుడు మొగలు సర్కారులలో నొకటి. యుద్ధములతో, క్షామముతో దక్కను కుంగిపోగా 1704లో ఆ చక్రవర్తియే ఇచట దానిని నిలిపివేయవలసి వచ్చెను. మొగలు రాజ్యమున 1713లో ఎత్తివేయబడి, మరల విధింపబడి, 1720లో మహమ్మద్ షా కాలమున తుదకు రద్దయ్యెను.

రాజు పన్ను గ్రహించుటకు మనువు తుమ్మెదను ఉపమానముగా చెప్పినాడు. పువ్వు వాడకుండ తేనె గొనవలెనని భావము. అదే స్మృతి శ్రోత్రియుని పన్ను నుండి తప్పించినది. మనుష్యుని బట్టి పన్ను మారుట మనలోను కలదన్నమాట. ఇది దాచి పరుల దోషమునే ఎన్నుట పండితలక్షణము గాదు. అయినను జిజియా కలిగించిన నొప్పి సొమ్ముతో తీరునది కాదు. పుట్టిన నేలపైననే నీవు తక్కువవాడవని ఏటేటా చెప్పించుకొనుట మనుష్యునకు దుర్భరము.

నేడు మన గోదావరిఖనిలో బొగ్గుబావిలోనికి దిగువారిలో అన్ని మతములవారు కలరు. జీతపు చీటీలో కోతపడు ఆదాయపు పన్ను ఎవరి మతమును అడుగదు. ఒక మతమును పోషించుటకై ఎవనిచేతను పన్ను కట్టింపరాదని రాజ్యాంగము 27వ అధికరణమున శాసించినది. నాటి చక్రవర్తి చేసిన దానిని దాచనక్కరలేదు. దానికి నేడు మనతో పాటు దీపము పట్టుకొని చీకటిలో పనిచేయు పొరుగువాడు బాధ్యుడు కాడు. రామదాసును చెరబెట్టిన తానీషాయే సీతారాముల కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ప్రారంభించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. చెరను, తలంబ్రాలను రెంటిని కలిపి పిల్లలకు చెప్పుడు.

స్వస్తి.