ఏనుగు మల్లమ్మ కొండ మొదలు దుముకురాళ్ల దాక

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున హార్సిలీ కొండ కలదు. ఎండలు ముదిరినవనగా రాయలసీమవారికి మొదట జ్ఞప్తికి వచ్చు చల్లని తావు అదియే. కాని ఆ చుట్టుపట్ల పల్లెలలోని పెద్దల నడిగినచో వారు చెప్పు పేరు వేరు. ఏనుగు మల్లమ్మ కొండ యని వారందురు. మల్లమ్మ యను పుణ్యాత్మురాలు ఆ కొండమీద ఒంటరిగా నివసించెడిదనియు, అడవి యేనుగులు ఆమెకు ఆహారము తెచ్చి యిచ్చెడివనియు కథ. కథను చరిత్రగా చెప్పబూనము. పేరు మాత్రము చరిత్రయే. ఏనుగు నెరుగనివారు తమ కొండకు ఏనుగు పేరు పెట్టుకొనరు గదా!

విచిత్రమేమనగా, ఈ సీమలో దాదాపు రెండు శతాబ్దముల కాలము అడవి యేనుగు లేనేలేదు. 1870 ప్రాంతమున కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్సిలీ ఈ కొండ చల్లదనమునకు మురిసి పైన బంగళా కట్టించుకొనునాటికి, ఏనుగులు పోయి పేరు మాత్రమే మిగిలియుండెను. ఆ పేరును కూడ పటములలో దొరగారి పేరు కప్పివేసెను. కలెక్టరు కడపవాడేమి, కొండ మదనపల్లెదేమి యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లో. అంతవరకు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివే.

నాలుగువేల అడుగులకు పైబడిన ఈ కొండమీదికి నేడు మోటారులు సుఖముగా పోవుచున్నవి. హార్సిలీ నాటికి మోటారు ఎక్కడిది? దొరలు గుఱ్ఱముల మీదనో, మనుష్యుల భుజముల మీదనో, తమ కాళ్లమీదనో ఎక్కవలసినదే. బంగళాకు కావలసిన సున్నము, దూలములు, పింగాణీ పళ్లెములు సైతము ఎవరో మోసికొనిపోయిరి. బంగళాకు యజమాని పేరు నిలిచినది. మోసినవారి పేర్లు ఏ పటములోను ఎక్కలేదు.

కొండపైని అడవిలో తిరుగువారు పొడుగాటి నీలగిరి చెట్లను చూచి, ఇది ఎంత పురాతనారణ్యమో యని ఆశ్చర్యపడుదురు. మేమును తొలిసారి అట్లే పడితిమి. కాని నీలగిరి చెట్టు ఆస్ట్రేలియా దేశపుది. 1843లో ఉదకమండలమున నాటిన తరువాతనే దక్షిణదేశమంతట వ్యాపించినది. కొండమీది సిల్వర్ ఓక్, జకరండాలును మనుష్యులు నాటినవే. పాత అడవిని చూడగోరువాడు రోడ్డు విడిచి, లోయలలోనికి దిగవలెను. అక్కడ తపసి, చిరుమాను, మద్ది, అడవిమామిడి తమ యిష్టము వచ్చినట్లు పెరిగియుండును.

ఈ సీమలో ముదురు చెట్లు లోయలలోను, నిట్టనిలువు చరియలలోను, గుడుల చెంతను మాత్రమే ఏల మిగిలినవి? 1864లో బెంగుళూరు, జోలార్‌పేటల నడుమ రైలుదారి పడెను. కుప్పము ఆ దారిలోనిదే. దక్షిణదేశపు రైలింజనులు తొలి దశాబ్దములలో చాలవరకు కట్టెలు తినియే నడిచినవి. దారి పొడుగున పట్టాల క్రింద పరచుటకు దుంగలును కావలసియుండెను. గొడ్డలికి అందినదంతయు పోయినది. అందనిది నిలిచినది. ఈనాడు మనము 'ప్రాచీనారణ్యము' అనునది అట్లు గొడ్డలికి అందక మిగిలినదే.

అడవి తరిగిపోవుచున్నదని దొరతనమువారు తెలిసికొనకపోలేదు. 1856లోనే క్లెగ్‌హారన్ అను వైద్యుని మద్రాసు రాజధానికి అరణ్య సంరక్షకునిగా నియమించిరి. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. దానితో రిజర్వు హద్దురాళ్లు లేచినవి. అడవిని కాచుటకు ఆ చట్టము కొంత ఉపకరించినదనుటలో సందేహము లేదు. కాని తరతరములుగా ఆ దారులను త్రొక్కిన పశువుల కాపరి, ఒక్కనాటి ప్రొద్దున తన దారిలోనే నేరస్థుడయ్యెను. కట్టెపుల్లకు అనుమతి, మేతకు పుల్లరి! ఆ పుల్లరి పైననే పల్నాటిలో తిరుగుబాటు జరిగి, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణము లర్పించెను. రైలునకు అడవినంతటిని కొట్టి యిచ్చినవారే, ముసలమ్మ తల మీది మోపును పట్టుకొనుట మాకెప్పుడును న్యాయముగా తోచలేదు.

పుంగనూరు వైపు జమీందారీ అడవుల కథ మరియొకటి. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము రాగా, జమీనులు పోవునని తెలిసినచోట్ల అడవులు కలపగా మారుట మొదలిడెను. దాని నాపుటకే 1949లో ప్రైవేటు అడవుల రక్షణకు వేరొక చట్టము చేయవలసివచ్చెను. పుంగనూరు ఆవు సంగతి శ్రోతలకు తెలిసినదే. 70 మొదలు 90 సెంటీమీటర్ల యెత్తు, కొద్దిపాటి మేత, చిక్కని పాలు. ఈ మెట్టసీమ గుట్టలలో బ్రతుక నేర్చిన జాతి అది. ఇప్పుడు మనము విహారమునకు నడచు సన్నదారులలో ఎన్నియో ఇట్టి పశువుల గిట్టలు చేసినవే. ఒక కార్తికమున మేము వాగు వెదకుచు అట్టి దారిలో పడి, గంటసేపు నడచి తిరిగి మొదటికే వచ్చితిమి. "సామీ, ఆవులు పొయ్యే దావ వేరే, నీళ్లు పొయ్యే దావ వేరే" అని ఒక కాపరి నవ్వినాడు. ఈ సీమలో దారిని దావ యందురు.

కొట్టివేసిన అడవి మరల రాదా? రాకేమి? మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి గారి విద్యాలయము కొరకు 1926 మొదలు భూమిని సంపాదించిన ఋషివ్యాలీ అప్పుడు ఎండిన బీడు. నీడనిచ్చినది ముఖ్యముగ నొక మహావటవృక్షము. తరువాతి దశాబ్దములలో నాటిన చెట్లు, కట్టిన చిన్నకట్టలు, పశువులు చొరకుండ కాచిన కొండవాలులు ఆ లోయ రూపునే మార్చినవి. 1991లో దానిని పక్షుల సంరక్షణ స్థలముగా ప్రకటించిరి. ఆ వాలులలో నడచుట ఎనిమిదేండ్ల పిల్లవానికిని కష్టము కాదు.

జలపాతము చూడవలెనన్నచో తలకోన ఉండనే యున్నది. సుమారు 270 అడుగుల యెత్తునుండి నీరు పడును. సిద్ధేశ్వరస్వామి గుడినుండి గంటలోపున చేరదగిన దారి. చెట్టునుండి చెట్టునకు ప్రాకిన గిల్లతీగ మన నడుముకంటె లావుగ కనబడును. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనమున చేరిన ఆ అడవిని గుడియు, కోనయు ఏకమై కాచినవి.

కాని మా మనస్సు పలమనేరు, కుప్పముల నడుమనున్న కైగల్ జలపాతము మీదనే నిలుచును. ఊరివారు దానిని దుముకురాళ్లు అందురు. ఎత్తు 40 అడుగులే. తలకోన ముందు బిడ్డవంటిది. అయినను వేసవిలోను నీరు పూర్తిగా ఇంకిపోదు. ఆ నీటి విలువ మనకంటె ముందు ఏనుగులు గ్రహించినవి. 1980 దశకపు తొలిభాగమున కర్ణాటక, తమిళనాడు అడవులనుండి ఏనుగుల మందలు కుప్పము ప్రాంతమున ప్రవేశించినవి. అక్కడ అడవులు తరిగి, మేతయు నీరును చాలకపోవుటయే దానికి ముఖ్యకారణముగా చెప్పుదురు. రెండువందల యేండ్లకు మల్లమ్మ చుట్టములు తిరిగి వచ్చినట్లాయెను! 1990లో 357 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవిని కౌండిన్య అభయారణ్యముగా ప్రకటించిరి.

వచ్చినవి అతిథులుగా ఉండిపోలేదు. చెరకు తోట, వరిమడి, అరటి, టొమాటో ఏవియు మిగులలేదు. కాపలా కాచు రైతులు ప్రాణములు పోగొట్టుకొనిరి. పొలములకు పెట్టిన విద్యుత్తు తీగలు తగిలి ఏనుగులును చచ్చినవి. కందకములు త్రవ్విరి, సౌరశక్తి కంచెలు వేసిరి. మట్టి కూలిన చోటును, తీగ తెగిన చోటును ఏనుగు కనిపెట్టినంత త్వరగా ఇంజనీరు కనిపెట్టలేడు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుమ్కీ యేనుగులను మనకు అప్పగించెను. మందలను ఊళ్లనుండి మళ్లించుట వాని పని. పలమనేరు చెంత ముసలిమడుగున వానికి విడిది కట్టిరి.

దుముకురాళ్లకు పోవువారు ముందుగా అటవీశాఖవారి నడిగి పోవలెను. ఉదయము పోయి ఎండ తగ్గకముందే మరలవలెను. అక్టోబరు మొదలు జనవరి వరకు నీరు నిండుగ నుండును. రాళ్లు పాచిపట్టి జారును. చెప్పులు గట్టివి వేసికొనుడు. దారిలో వెచ్చని లద్దె కనబడినను, వెదురు విరిగిన చప్పుడు వినబడినను ఆ దినమునకు జలపాతమును మరచి, మాటలాడక, వచ్చిన దావనే వెనుకకు తిరుగుడు. మేమును రెండుమార్లు అట్లే తిరిగివచ్చితిమి. మూడవమారు చూచితిమి.